లివర్‌పూల్ టోరెస్ చెల్సీకి వెళ్లి ఏమయ్యాడు?

2011 సెప్టెంబర్ 18, ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్. మాంచెస్టర్ యునైటెడ్ మీద చెల్సీ 3-1తో వెనకబడి ఉంది. ఇంకో ఏడెనిమిది నిమిషాల్లో ఆట అయిపోతుందనగా చెల్సీకి ఆడే స్పెయిన్ ఫార్వర్డ్ ఫెర్నాండో టోరెస్‌కి బంతి అందింది. ఎదురుగా గోల్‌కీపర్ డె హెయా ఒక్కడే. టోరెస్ అటు వెళ్తున్నట్టు ఒళ్లు ఊపి ఇటు తప్పించాడు. గోల్‌కీపర్ నేల మీద పడిపోయాడు. ఇక మిగిలింది ఖాళీ గోల్. ఎడమ కాలితో తోశాడు. బంతి పోస్ట్ పక్కనుంచి బయటికి పోయింది. టోరెస్ అక్కడే కూలబడ్డాడు. చెల్సీకి అంతకుముందు వచ్చిన ఆ ఒక్క గోల్ కూడా అతనే కొట్టాడని ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

2012 ఏప్రిల్ 24, బార్సిలోనాలో క్యాంప్ నౌ. యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్. మన దగ్గర అప్పటికి అర్ధరాత్రి దాటి చాలాసేపైంది. చెల్సీ కెప్టెన్ జాన్ టెర్రీ మొదటి సగంలోనే రెడ్ కార్డుతో బయటికి పోయాడు. పదిమందితో గోల్ ముందు గోడ కట్టుకుని ఆడుతున్నారు. 80వ నిమిషంలో ఫార్వర్డ్ ద్రోగ్బా స్థానంలో టోరెస్ వచ్చాడు. ఆఖరి నిమిషాల్లో చెల్సీ డిఫెన్స్ బలంగా బయటికి కొట్టిన బంతి హాఫ్ లైన్ దగ్గర ఒంటరిగా ఉన్న టోరెస్ ముందు పడింది. వెనక్కి తిరిగి చూస్తే బార్సిలోనా వాళ్లంతా అవతలి వైపే ఉన్నారు. అర మైదానం పరిగెత్తాడు, గోల్‌కీపర్ వాల్డెస్‌ని చుట్టి దాటాడు, ఖాళీ గోల్‌లోకి బంతిని మెల్లగా పంపాడు. స్కోరు 2-2. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపితే చెల్సీదే పైచేయి, ఫైనల్‌కి వెళ్లింది.

మనిషి అతనే. చేసిన పని కూడా దాదాపు అదే. మధ్యలో గడిచింది ఏడు నెలలు. టోరెస్ గురించి మాట పడితే ఇప్పటికీ వినిపించేది ఒకటే ప్రశ్న: లివర్‌పూల్‌లో అంత గొప్పగా ఆడినవాడు చెల్సీలో ఎందుకు అలా అయిపోయాడు? ఒకరు 5 కోట్ల పౌండ్ల ధర భారం అంటారు. ఇంకొకరు ఆత్మవిశ్వాసం పోయిందంటారు. మోకాళ్లు పోయాయంటారు మరికొందరు. వీటిలో ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఏ ఒక్కటీ మొత్తం కథని విప్పదు. ఎందుకంటే గోల్స్ కురిపించిన లివర్‌పూల్ రోజుల్లో క్లబ్ తరఫున అతను ఒక్క కప్పు కూడా గెలవలేదు. పనికిరాడని తిట్టించుకున్న చెల్సీ రోజుల్లోనే ఛాంపియన్స్ లీగ్, దాని తర్వాతి స్థాయి యూరప్ పోటీ యూరోపా లీగ్, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్ గెలిచాడు.

2008 యూరో కప్ నుంచి టోరెస్ ఆటని ఇష్టంగా చూస్తూ వచ్చినవాణ్ని. నాకు అర్థమైనది ఇది: టోరెస్ ఆట అంతా ఒక్క వస్తువు మీద నిలబడింది. అది ఖాళీ. డిఫెండర్ల వెనక, గోల్‌కీపర్ ముందు ఉండే పాతిక ముప్పై గజాల ఖాళీ మైదానం. అది దొరికినచోట చివరిదాకా గోల్స్ కొడుతూనే ఉన్నాడు. దొరకనిచోట మామూలు ఆటగాడిగా మిగిలాడు.

అట్లెటికోలో మొదలు

టోరెస్ 1984 మార్చి 20న మాడ్రిడ్ పక్కనున్న ఫ్యూయెన్‌లబ్రాడాలో పుట్టాడు. పదకొండేళ్లకే అట్లెటికో మాడ్రిడ్ పిల్లల జట్టులో చేరాడు. ఆ క్లబ్ 1996లో స్పెయిన్ లీగ్, కప్ రెండూ ఒకే ఏడాది గెలిచి, నాలుగేళ్లు తిరక్కుండానే రెండో డివిజన్‌కి పడిపోయింది. అలాంటి రోజుల్లో, 2001 మే 27న, పదిహేడేళ్ల టోరెస్‌ని లెగనెస్ మీద దించారు. ఆ తర్వాతి సీజన్‌లో కోచ్‌గా వచ్చినవాడు లూయిస్ అరగోనెస్. క్లబ్‌ని మళ్లీ పైకి తెచ్చిన మొరటు పెద్దాయన. కుర్రాణ్ని ముద్దు చేయకుండా తిట్టి తిట్టి నేర్పించాడు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

టోరెస్‌ని అక్కడ 'ఎల్ నినో' అని పిలిచేవాళ్లు. మన దగ్గర వానలు వెనకబడినప్పుడల్లా వార్తల్లో వినబడే ఎల్ నినో మాటే అది. స్పానిష్‌లో దానికి 'పిల్లాడు' అని అర్థం. ఆ పిల్లాడు పంతొమ్మిదేళ్లకే కెప్టెన్ అయ్యాడు. మొదటి డివిజన్‌లో ఐదు సీజన్లు ఆడి 75 లీగ్ గోల్స్ కొట్టాడు. ఆ ఐదేళ్లలో అట్లెటికో ఒక్కసారి కూడా ఛాంపియన్స్ లీగ్‌కి అర్హత పొందలేదు. బంతి దొరికితే ముందుకి కొట్టు, టోరెస్ చూసుకుంటాడు అన్నట్టు ఉండేది జట్టు ఆట.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఒంటరిగా దూరం పరిగెత్తి గోల్ కొట్టడం అతనికి చిన్నప్పుడే అలవాటైపోయింది. రెండు, ఇరవై మూడేళ్లు నిండిన కొద్ది నెలలకు స్పెయిన్ వదిలేసరికే అతను 214 లీగ్ మ్యాచ్‌లు ఆడేశాడు. వేగమే ఆస్తి అయిన ఆటగాడికి అది చాలా ఎక్కువ. ఆ లెక్క తర్వాత కాళ్ల మీద పడింది.

ఆ పరుగు ఎలా పనిచేసేది

2007 వేసవిలో కోచ్ రఫాయెల్ బెనితెజ్ అతన్ని లివర్‌పూల్‌కి తెచ్చుకున్నాడు. క్లబ్ చరిత్రలో అప్పటికి అదే పెద్ద ధర. (అదే వేసవిలో లివర్‌పూల్ నుంచి అట్లెటికోకి వెళ్లిన లూయిస్ గార్సియా తర్వాత మన దేశానికే వచ్చాడు. 2014లో మొదటి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన అట్లెటికో డి కోల్‌కతా జట్టులో ఉన్నది అతనే.)

మొదటి సీజన్‌లో టోరెస్ 24 లీగ్ గోల్స్ కొట్టాడు. విదేశం నుంచి వచ్చి మొదటి ఏడాదే ప్రీమియర్ లీగ్‌లో అన్ని గోల్స్ అప్పటిదాకా ఎవరూ కొట్టలేదు. వాన్ నిస్టెల్‌రూయ్ పేరు మీదున్న 23 గోల్స్ రికార్డు పోయింది. అన్ని పోటీలూ కలిపితే ఆ ఏడాది 33. 2008 చివర్లో, ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు ఓటింగులో రొనాల్డో, మెస్సీల తర్వాత మూడో స్థానం అతనిదే.

ఎలా కొట్టాడు? నిలబడే చోటు చూస్తే తెలుస్తుంది. టోరెస్ డిఫెండర్‌కి ఎదురుగా నిలబడడు. వెనక భుజం దగ్గర, వాడి కంటికి ఆననిచోట నిలబడతాడు. బంతిని చూడాలంటే డిఫెండర్ ముందుకి చూడాలి, టోరెస్‌ని చూడాలంటే తల తిప్పాలి. రెండూ ఒకేసారి కుదరవు. లివర్‌పూల్ కెప్టెన్ జెరార్డ్‌ కాలికి బంతి తగిలి, అతను తల పైకెత్తాడంటే అదే సైగ. టోరెస్ అప్పటికే కదిలి ఉంటాడు. మొదటి నాలుగు అడుగుల్లో అర గజం దూరం సంపాదిస్తాడు, అది చాలు. వెనకనుంచి చొక్కా పట్టుకు లాగినా ఆగేవాడు కాదు, ఎందుకంటే చూడ్డానికి సన్నగా కనిపించినా భుజాల్లో బలం ఉంది. చివర్లో గోల్‌కీపర్ ముందుకొస్తే బంతిని పైనుంచి చిప్ చేస్తాడు, లేదా చుట్టి దాటేస్తాడు.

దీనికి జట్టు కూడా కుదరాలి. బెనితెజ్ లివర్‌పూల్ పెద్ద మ్యాచ్‌ల్లో బంతిని ఎదుటివాళ్లకే వదిలేసి, వెనక గట్టిగా నిలబడి, దొరకగానే రెండు మూడు పాస్‌ల్లో ముందుకి పోయేది. బంతిని లాక్కోవడానికి మాస్కెరానో, దూరపు పాస్ వేయడానికి జాబి అలోన్సో, టోరెస్ వెనకాలే జెరార్డ్. వీళ్లంతా కలిసి అతనికి ఖాళీని తయారుచేసి ఇచ్చేవాళ్లు. 2009 మార్చిలో నాలుగు రోజుల తేడాలో రియల్ మాడ్రిడ్‌ని 4-0తో, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్‌ని 4-1తో కొట్టిన జట్టు ఇదే. రెండింట్లోనూ లివర్‌పూల్ మొదటి గోల్ టోరెస్‌ది.

2008 జూన్ 29, వియన్నాలో యూరో ఫైనల్. స్పెయిన్ కోచ్ ఎవరనుకున్నారు? అదే అరగోనెస్. 33వ నిమిషంలో షావి బంతిని జర్మనీ డిఫెన్స్ మధ్యలోంచి పంపాడు. నిజానికి ఆ బంతికి దగ్గరగా ఉన్నది ఫిలిప్ లామ్. లోపలి వైపు అతనే ఉన్నాడు, గోల్‌కీపర్ లేమన్ కూడా ముందుకొచ్చేస్తున్నాడు. ఇద్దరూ బంతి మనదేలే అనుకున్న ఆ అర క్షణంలో టోరెస్ బయటి వైపునుంచి లామ్‌ని దాటి, పడుకున్న లేమన్ మీదుగా బంతిని లేపాడు. అది మెల్లగా దొర్లుకుంటూ పోస్ట్ లోపలికి వెళ్లింది. నలభై నాలుగేళ్ల తర్వాత స్పెయిన్‌కి ఒక పెద్ద కప్పు వచ్చింది. టోరెస్ ఆటంటే ఏంటని ఎవరైనా అడిగితే చూపించాల్సింది ఈ ఒక్క గోల్. వేగం, భుజబలం, తెగువ, ముందు ఖాళీ, అన్నీ అందులో ఉన్నాయి.

చెల్సీకి ముందే మొదలైన పతనం

చెల్సీకి వెళ్లాకే చెడిపోయాడని అంతా అంటారు గానీ, లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. 2008-09లో తొడ వెనక కండరం పదే పదే పట్టేసి, 38 లీగ్ మ్యాచ్‌ల్లో 24 మాత్రమే ఆడాడు. ఆ ఏడాది లివర్‌పూల్ 86 పాయింట్లతో రెండో స్థానంలో ఆగిపోయింది, యునైటెడ్‌కి 90. అతను పూర్తిగా ఫిట్‌గా ఉంటే లీగ్ వాళ్లదేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. 2009-10లో 22 మ్యాచ్‌ల్లోనే 18 గోల్స్ కొట్టాడు, కానీ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఇంకోసారి మోకాలికి ఆపరేషన్. రెండోది ప్రపంచ కప్‌కి రెండు నెలల ముందు.

దక్షిణాఫ్రికాలో అతను పూర్తిగా కోలుకోలేదని చూసిన ఎవరికైనా తెలిసిపోయేది. ఒక్క గోల్ కూడా కొట్టలేదు. సెమీఫైనల్‌కి బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఫైనల్లో అదనపు సమయంలో విల్లా స్థానంలో వచ్చాడు. ఆ తర్వాత జరిగింది మాత్రం రికార్డు పుస్తకాల్లో ఉండదు. 116వ నిమిషంలో ఎడమ వైపునుంచి టోరెస్ వేసిన క్రాస్‌ని డచ్ ఆటగాడు వాన్ డెర్ వార్ట్ సరిగ్గా బయటికి కొట్టలేకపోయాడు. బంతి ఫాబ్రెగాస్‌కి చిక్కింది, అక్కణ్నుంచి ఇనియెస్టాకి. గోల్. ఇంకాసేపటికే టోరెస్ తొడ కండరం పట్టేసి నేల మీద పడిపోయాడు. స్పెయిన్ ప్రపంచ విజేత అయిన రాత్రి అతను మామూలుగా నడవలేకపోయాడు.

అదే ఏడాది లివర్‌పూల్ కూడా విడిపోతోంది. అలోన్సో అంతకుముందే రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిపోయాడు. బెనితెజ్ జూన్‌లో, మాస్కెరానో ఆగస్టులో వెళ్లారు. యజమానులు హిక్స్, జిలెట్ అప్పుల్లో మునిగి కోర్టు దాకా వెళ్లి, అక్టోబర్‌లో క్లబ్‌ని పోగొట్టుకున్నారు. ఖాళీని తయారుచేసేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, ఆ ఖాళీలోకి దూకే కాళ్లు కూడా మునుపట్లా లేవు. ఆ సీజన్ సగంలో 23 లీగ్ మ్యాచ్‌లకి 9 గోల్సే. అంటే చెల్సీ డబ్బు కట్టింది 2008 నాటి టోరెస్‌కి, చేతికొచ్చింది 2011 నాటి టోరెస్. నవంబర్‌లో చెల్సీ మీదే రెండు అద్భుతమైన గోల్స్ కొట్టడం కూడా కొనేవాళ్లని మురిపించి ఉంటుందని నా అనుమానం.

ఖాళీ లేని చెల్సీ

2011 జనవరి 31. 5 కోట్ల పౌండ్లు. బ్రిటన్‌లో అప్పటికి అదే రికార్డు. లివర్‌పూల్ అభిమానులు అతని చొక్కాలు కాల్చారు. విధి ఎలా ఉందంటే, చెల్సీ తరఫున మొదటి మ్యాచ్ లివర్‌పూల్ మీదే పడింది. చెల్సీ 1-0తో ఓడింది.

చెల్సీ ఆట వేరు. సొంత మైదానంలో బంతి ఎక్కువసేపు వాళ్ల దగ్గరే ఉండేది. ఎదుటి జట్టు పదిమందితో పెనాల్టీ బాక్స్ ముందు కాపు కాసేది. అలాంటప్పుడు ఫార్వర్డ్ చేయాల్సింది ఖాళీలోకి పరిగెత్తడం కాదు. గోల్‌కి వీపు పెట్టి, వెనక డిఫెండర్ నెడుతుంటే కాళ్లు నిలదొక్కుకుని, బంతిని ఆపి పక్కవాడికి ఇవ్వాలి. ద్రోగ్బా దానికోసమే పుట్టినట్టు ఉండేవాడు. టోరెస్‌కి అది ఎప్పుడూ రాలేదు. వీపు మీద డిఫెండర్ ఉంటే మొదటి స్పర్శే తడబడేది. లివర్‌పూల్‌లో ఈ లోపం కనబడలేదంటే, అక్కడ ఆ పని అతనితో అంతగా చేయించలేదు కాబట్టి.

మొదటి గోల్ కోసం దాదాపు మూడు నెలలు పట్టింది. 2011 ఏప్రిల్ 23న వెస్ట్‌హామ్ మీద. వర్షంలో తడిసిన మైదానం. అనెల్కా ఇచ్చిన బంతి పెనాల్టీ బాక్స్‌లో నీటి మడుగులో చిక్కి ఆగిపోయింది. డిఫెండర్లు ఒక్క క్షణం తడబడ్డారు, టోరెస్ తిరిగి కొట్టేశాడు. జట్టు మొత్తం వచ్చి మీద పడిపోయింది. అతని ముఖంలో సంతోషం కన్నా ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించింది నాకు.

ఆత్మవిశ్వాసం మాట ఇక్కడ చెప్పాలి. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఖాళీ ఉండి కూడా తప్పాడు, కాబట్టి అంతా ఖాళీతోనే తేలిపోయిందని నేను అనను. ఆ టెన్షన్ నిజం. కానీ ఆ ఒక్క మిస్ చూసి మనం మొత్తం కథని మనసు మీదికి నెట్టేశాం. 2011 అక్టోబర్‌లో గెంక్ మీద రెండు గోల్స్ కొట్టాక, 2012 మార్చి 18న లెస్టర్ మీద కొట్టేదాకా ఐదు నెలలు, 24 మ్యాచ్‌లు ఒక్క గోల్ లేదు. ఆ మ్యాచ్‌లు మళ్లీ చూస్తే, తప్పిన అవకాశాల కన్నా అసలు అవకాశమే రాని గంటలే ఎక్కువ. దానికి తోడు మూడున్నరేళ్లలో ఐదుగురు కోచ్‌లు: ఆన్సెలొట్టి, విల్లాస్-బోయాస్, డి మాటియో, బెనితెజ్, మొరీనియో. ఒక పద్ధతికి అలవాటు పడేలోపు ఇంకొకటి.

లీగ్ లెక్క కళ్లకు కట్టినట్టు ఉంటుంది. లివర్‌పూల్‌లో 102 మ్యాచ్‌ల్లో 65 గోల్స్. చెల్సీలో 110 మ్యాచ్‌ల్లో 20.

ఇప్పుడు చెల్సీ రోజుల్లో అతను కొట్టిన పెద్ద గోల్స్ చూడండి. క్యాంప్ నౌలో బార్సిలోనా మొత్తం ముందుకొచ్చేసింది, వెనకంతా ఖాళీ. 2012 యూరో ఫైనల్లో 75వ నిమిషంలో దిగాడు. అప్పటికి ఇటలీ 2-0తో వెనకబడి ఉంది, పైగా మార్చుకోగలిగిన ముగ్గురినీ మార్చేశాక తియాగో మొట్టా గాయంతో బయటికి పోవడంతో పదిమందే మిగిలారు. మళ్లీ ఖాళీ. షావి పాస్‌కి ఒక గోల్ కొట్టాడు, ఇంకోటి, చెల్సీలోనూ సహచరుడైన మాటాకి అందించాడు. రెండు యూరో ఫైనల్స్‌లో గోల్ కొట్టిన మొదటి ఆటగాడు అయ్యాడు. మూడు గోల్స్‌తో గోల్డెన్ బూట్ కూడా అతనికే వచ్చింది. మరియో గోమెజ్‌కీ అన్నే గోల్స్ ఉన్నా, టోరెస్ ఆడిన నిమిషాలు తక్కువ. 2013 మే 15న ఆమ్‌స్టర్‌డామ్‌లో బెన్ఫికా మీద యూరోపా లీగ్ ఫైనల్: చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ చేత్తో దూరంగా విసిరిన బంతిని మాటా ముందుకి తోశాడు, టోరెస్ డిఫెండర్ లూయిజావ్‌ని భుజంతో నెట్టుకుంటూ పోయి, బెన్ఫికా గోల్‌కీపర్‌ని చుట్టి దాటి కొట్టాడు. అచ్చం లివర్‌పూల్ గోలే.

2012లో మ్యూనిచ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి అతన్ని మొదట ఆడించలేదు, ఆ బాధ కప్పు గెలిచాక కూడా దాచుకోలేదు. 84వ నిమిషంలో వచ్చి ఒక కార్నర్ సంపాదించాడు. ద్రోగ్బా స్కోరు సమం చేసింది ఆ కార్నర్ మీదే. 2013 మేలో ఒక పది రోజులపాటు టోరెస్, మాటా ఇద్దరూ ప్రపంచ కప్, యూరో, ఛాంపియన్స్ లీగ్, యూరోపా లీగ్ నాలుగింటికీ విజేతలు. 20 లీగ్ గోల్స్ కొట్టినవాడు అని తీసిపారేసేముందు ఇది కూడా చెప్పాలి.

మళ్లీ ఇంటికి

మిలాన్‌లో నాలుగు నెలలు, ఒకే ఒక్క గోల్. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 2015 జనవరిలో అట్లెటికోకి తిరిగొచ్చాడు. కొత్తగా చేరిన ఆటగాణ్ని చూడ్డానికి క్లబ్ మైదానం విసెంటె కాల్డెరాన్‌కి 45 వేలమంది వచ్చారు, ఆ రోజు మ్యాచ్ ఏమీ లేకపోయినా. పదకొండు రోజుల తర్వాత బెర్నబ్యూలో రియల్ మాడ్రిడ్ మీద రెండు గోల్స్, రెండు సగాలు మొదలైన తొలి నిమిషంలోనే. కోచ్ సిమియోనే ఒకప్పుడు అదే జట్టులో టోరెస్‌తో కలిసి ఆడినవాడు. వెనక గట్టిగా ఉండి, దొరికినప్పుడు దూసుకుపోయే ఆట అతనిది. టోరెస్ 2008 నాటి ఆటగాడు మళ్లీ కాలేదు గానీ, అక్కడ ఎవరికీ భారంగా అనిపించలేదు.

2016 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ పెనాల్టీల్లో రియల్ మాడ్రిడ్‌కి పోయింది. 2018 మే 16న లియోన్‌లో మార్సెయ్ మీద 3-0తో యూరోపా లీగ్ గెలిచారు. టోరెస్ దిగింది 90వ నిమిషంలో. అయినా కప్పు ఎత్తేటప్పుడు కెప్టెన్ గాబి అతన్ని పక్కన పెట్టుకుని ఇద్దరూ కలిసి ఎత్తారు. రెండో డివిజన్ టైటిల్ పక్కన పెడితే, పదిహేడేళ్ల కిందట ఆ చొక్కా వేసుకున్నవాడికి ఆ క్లబ్‌తో అదే మొదటి కప్పు. నాలుగు రోజులకి ఐబార్ మీద వీడ్కోలు మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు.

ఆ తర్వాత జపాన్‌లో సాగన్ తోసు క్లబ్. 2019 ఆగస్టు 23న విస్సెల్ కోబె మీద ఆఖరి మ్యాచ్ ఆడాడు. తోసు 6-1తో ఓడింది. ఎదుటి జట్టులో ఉన్నది ఇనియెస్టా. 2010లో ఆ క్రాస్ నుంచి మొదలైన బంతిని గోల్‌లోకి పంపినవాడు.